దక్షిణానికి పడిన నీడ

ఈ వారం మామిడికాయల మీద రాద్దామనుకున్నా. బంగారుపాళెం పక్కన గుజ్జు ఫ్యాక్టరీ నడిపే మిత్రుడొకడు కొత్త గోడౌను కడుతున్నాడు, చూడ రమ్మన్నాడు. గేటు ముందు తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ వాసనకే సగం కాలమ్ నిండిపోవాల్సింది. అప్పుడు తలెత్తాను. సగం వరకు పరిచిన రేకులు. నీలం. అదీ ముదురు నీలం, జూన్ నెల ఎండలో. మామిడి సంగతి మరిచిపోయాను.

"నీలమెందుకురా?" అంటే, "హైవే మీద పోయేవాడికి కంపెనీ మాదిరి కనబడాల గదా" అన్నాడు. లోపల ఉండబోయే డ్రమ్ములకెట్లా ఉంటుందో అడగలేదు. వేడికి గుజ్జు రంగు తిరుగుతుందని వాడికి నేను చెప్పాలా!

రేకుల మీద నా కోపం మీకు కొత్త కాదు. రేణిగుంట రోడ్డులో, శ్రీసిటీ దారిలో లేచిన షెడ్లను చూసి ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు సణిగానో లెక్కలేదు. మళ్ళీ మంగళూరు పెంకులేనా అని ఒకాయన కార్డు కూడా రాశాడు. పెంకులంటే తిరుపతిలో కోతుల మాట వస్తుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి రెండో పాట ఎత్తుకుంటాను: రంపపు పళ్ళ కప్పు. పాత నేత మిల్లుల బొమ్మల్లో చూసుంటారు. ఒక వాలు, దాని వెనక నిట్టనిలువుగా అద్దం, మళ్ళీ వాలు, మళ్ళీ అద్దం. అద్దాలన్నీ ఉత్తరం వైపే. ఇంగ్లండులో లాంకషైర్ నేతషెడ్లన్నీ ఇదే తీరు. వెలుగు వస్తుంది, ఎండ రాదు, పోగు మీద నీడ పడదు. ఎంత తెలివి!

ఇదంతా మిత్రుడికి చెబుతుంటే, నీళ్ళు తాగడానికి కిందికి దిగిన ఫిట్టరు చెంబు పక్కన పెట్టి అన్నాడు: "ఉత్తరం పక్క అద్దం పెడితే ఈ కాలంలో ఎండ లోపలే ఉంటాది సార్. మీ నీడ యాడ పడతాందో చూసుకోండి."

చూసుకున్నాను. పన్నెండు దాటింది. కాళ్ళ దగ్గర ముడుచుకున్న నీడ దక్షిణానికి ఉంది.

నమ్మబుద్ధి కాక మర్నాడు మేడ మీద అయిదడుగుల కర్ర నిలబెట్టాను. పన్నెండుంబావుకు నీడ పది అంగుళాలు, దక్షిణానికే. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు జూన్‌లో 23.4 డిగ్రీల దాకా పోతాడు. అంటే ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా నడిమధ్యాహ్నం కూడా మనకు ఉత్తరంగానే ఉంటాడు. మాంచెస్టర్‌లో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే. వాళ్ళ అద్దం వాళ్ళకు సరిపోయింది. ఇన్నేళ్ళూ నేను పొగిడింది వాళ్ళ ఆకాశాన్ని.

సిగ్గేమిటంటే, ఇది నాకు చిన్నప్పుడే తెలిసుండాలి. ఎండాకాలం సెలవులకు నగరిలో మామ ఇంటికి పోయేవాణ్ణి. ఇంటి వెనక సిమెంటు రేకుల కింద నాలుగు మరమగ్గాలు. కప్పులో ఉత్తరం వాలున రెండు అద్దం బిళ్ళలు పెట్టించాడు, అటు ఎండ రాదని ఏ మేస్త్రీ చెప్పాడో. మే నెలలో ఆ బిళ్ళల్లోంచి రూపాయంత ఎండ మగ్గం మీదికి దిగి, గుడ్డ మీద పాక్కుంటూ పోయేది. అత్త దాన్ని చూసి స్టూలు జరుపుకునేది. గాలి ఎండితే పోగు తెగుతుందని నేలంతా నీళ్ళు చల్లేది. ఆ తడి నేల మీద మేం పిల్లలం వట్టి కాళ్ళతో తిరిగితే కసిరేది.

ఉగాది దాటగానే మామ సున్నం బకెట్టుతో పైకెక్కేవాడు. సున్నంలో కాస్త తుమ్మజిగురు. పలక పరుచుకుని, నట్ల వరస మీదే అడుగులు. ఆ వరస కింద దూలం ఉంటుంది, మిగతాచోట రేకు పెళుసు. "నట్టు తప్పితే నట్టింట్లో పడతావు" అని నన్ను నిచ్చెన మూడో మెట్టు దాటనిచ్చేవాడు కాదు. తెల్లగా పూసిన మర్నాడు షెడ్డులోకి పోతే తేడా మాడుకే తెలిసేది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి కప్పుల విధానమని ప్రకటిస్తే, మా మామ బకెట్టుకు సర్కారు ముద్ర పడిందని నవ్వుకున్నాను. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుందని, ఊపిరితిత్తులకు చేటని, ఒకప్పుడు దాన్ని మన పులివెందుల పక్కనే తవ్వేవాళ్ళని తెలిసింది చాలా తర్వాత.

అయితే మామను కాల్చింది రేకు ఒక్కటే కాదు, దాని నలుపు కూడా. వానలకు పాచి పట్టి నల్లబడిన కప్పునే గదా ఆయన ఏటా తెల్లగా చేసింది. నా కోపం ఇన్నాళ్ళూ రేకు మీద పోయింది, రంగును అడగలేదు.

మళ్ళీ బంగారుపాళెం పోయాను, సున్నం సలహా మోసుకుని. ఫిట్టరు తల అడ్డంగా ఊపాడు. "ఇది సిమెంటు రేకు కాదు సార్, రంగు రేకు. సున్నం పడితే పూత పోతాది. మిగిలిన సగానికి తెల్ల రేకు తెప్పించమని చెప్పండి." మిత్రుడు ఒప్పుకోలేదు. సగం నీలం సగం తెలుపైతే హైవే అంతా నవ్వుతుందట.

ఆరు కావొస్తోంది. పాకాల వైపు మబ్బు పట్టింది. స్క్రూలు దించినప్పుడు రాలిన ఇనుప రజను రేకుల మీద సన్నగా మెరుస్తోంది. ఒక్క వాన తడిస్తే చాలు, అదంతా తుప్పు మచ్చలవుతుంది. నేను కారెక్కేసరికి ఫిట్టరు ఇంకా పైనే ఉన్నాడు. పొరక పట్టుకుని, వరస వరసా ఊడుస్తున్నాడు.