ఉంగరమున్న పావురానికి ఆతిథ్యం

పందెపు పావురమంటే తాను పెరిగిన గూటికి వందల కిలోమీటర్ల దూరం నుంచి తిరిగి చేరగల హోమర్ జాతి పక్షి. గుడి గోపురాల మీద కనిపించే బూడిదరంగు పావురమే దీనికి మూలమైనా, పెంపకందార్లు తరతరాలుగా ఎంపిక చేస్తూ రావడం వల్ల దీని రొమ్ము కండ బలిసి, అనుకూల వాతావరణంలో గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. చెన్నై, బెంగళూరు, కోల్‌కతా వంటి నగరాల్లోని సంఘాలు ఈ పక్షులను బుట్టల్లో దూరప్రాంతాలకు తరలించి ఒక్కసారిగా వదిలి, గూటికి చేరిన సమయాన్ని బట్టి విజేతను తేలుస్తాయి. ఎదురుగాలి, వాన, కరెంటు తీగ, తూర్పు కనుమల రాతి చరియల్లో గూడు కట్టే శాహీన్ డేగ, వీటిలో ఏది అడ్డుపడినా పక్షి దారి తప్పుతుంది. అలా అలసినది తూర్పు కనుమల మన్యంలోని కొయ్యూరు మండలంలో ఏ ఇంటి ముంగిటో వాలితే, దాన్ని బతికించే విద్య అంతా పనులను సరైన వరుసలో చేయడంలోనే ఉంది.

ఈ కొండలకు వార్తాహర పావురాలు కొత్త కావు. మన్యాన్ని ఆనుకున్న కోరాపుట్ జిల్లాలో, తంతి సౌకర్యం లేని ఠాణాలకు కబురు చేరవేయడానికి, సైన్యం ఇచ్చిన 200 పావురాలతో ఒడిశా పోలీసులు 1946లో ఒక సేవను ప్రారంభించారు. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పంపిన సందేశం కూడా ఈ పక్షులే మోశాయి. అందువల్ల కాలికి ఉంగరమున్న పావురాన్ని చూసి జనం అనుమానించడం పూర్తిగా అకారణమని చెప్పలేము. అయితే ఆ అనుమానం పక్షికి ఎంత చేటు చేయగలదో 2023 మేలో ముంబయిలో పట్టుబడిన పావురం కథ చెబుతుంది. చైనా గూఢచారి అన్న శంకతో ఎనిమిది నెలలు నిర్బంధంలో ఉన్న ఆ పక్షి, తైవాన్‌లో పందేలకు పెంచినదని తేలాక 2024 జనవరి చివర విడుదలైంది.

నిజానికి ఆ ఉంగరం పక్షి చిరునామా. పిల్లకు వారం రోజుల వయసున్నప్పుడు ముందు మూడు వేళ్లనూ కలిపి అతుకులేని ఉంగరంలోంచి దూర్చి, వెనక వేలిని కాలి వెంట అదిమిపెట్టి దాటిస్తారు. పాదం పెరిగాక అది ఇక ఊడి రాదు కాబట్టి, దాని మీద ఉండే సంఘం అక్షరాలు, పుట్టిన సంవత్సరం, వరుస సంఖ్య ఆ పక్షికి జీవితాంతం గుర్తుగా మిగులుతాయి. ఉంగరాన్ని కత్తిరించకుండా, అక్షరాలు కనబడేలా ఫోటో తీసి సంఘానికి పంపితే యజమానిని కనిపెట్టవచ్చు.

అలసిన పావురానికి అన్నిటికంటే ముందు కావలసింది నీరు. జాలిపడినవాళ్లు ముక్కు తెరిచి చుక్కలు పోయడం ఎక్కడైనా జరిగేదే, కానీ ఆ నీరు ఊపిరిగొట్టంలోకి జారితే పక్షి ప్రాణానికే ముప్పు. కోడి నీటిని ముక్కుతో అందుకుని తల పైకెత్తి మింగుతుంది. పావురం మాత్రం ముక్కును మొదలుదాకా ముంచి ఏకబిగిన పీల్చుకుంటుంది కాబట్టి, పళ్లెం చాలదు, రెండంగుళాల లోతైన గిన్నె పెట్టాలి. అప్పటికీ తాగకపోతే ముక్కు కొనను మెల్లగా నీటికి తాకించి వదలాలి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. గింజలు నీరు తాగాక పెట్టవలసినవే, ఎందుకంటే మెడ కింది సంచిలో చేరిన గింజలు నానడానికి తడి అవసరం, అది లేకపోతే అక్కడే గట్టిపడి నిలిచిపోతాయి.

మేత కోసం పట్నం వెళ్లనక్కర లేదు. మన్యంలో పండే సామలు, కొర్రలు, జొన్నలు, చోళ్లు అని పిలిచే రాగులు, వీటిని వండకుండా గుప్పెడు పెడితే సరిపోతుంది. ఏజెన్సీలో విరివిగా పండే రాజ్‌మా గింజలను మాత్రం దూరంగా ఉంచాలి, పచ్చి రాజ్‌మాలో విషపదార్థం ఉంటుంది. అన్నం, రొట్టె, పాలు కూడా పనికిరావు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలోనో, కోళ్లను మూసే గంప కిందనో, పిల్లికి అందని నిశ్శబ్దమైన చోట పక్షిని ఉంచాలి గాని, రోగాలు ఇటునుంచి అటు పాకే ప్రమాదముంది కనుక ఇంటి కోళ్లతో కలపకూడదు. మొదటి రోజు రెట్ట పచ్చగా, పలచగా పడడం తరచుగా ఖాళీ కడుపుకు గుర్తు, దానికే కంగారుపడనక్కర లేదు. తాగిన నీరు రొమ్ము ఈకల్లోంచి కారితే మాత్రం, తీగ తగిలి మెడ సంచి చిరిగిందని గ్రహించి పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి; ఆ చీలికకు కుట్లు అవసరమవుతాయి.

ఒకటి రెండు రోజుల విశ్రాంతితో కోలుకున్న పక్షిని ఉదయం పూట, తీగలు లేని ఎత్తైన చోట వదలాలి. శీతకాలంలో చింతపల్లి, లంబసింగి వైపు మంచు విడవడానికి చాలా పొద్దెక్కుతుంది కాబట్టి సూర్యుడు స్పష్టంగా కనిపించేదాకా ఆగడం మంచిది, ఎందుకంటే పావురానికి మొదటి దిక్సూచి సూర్యుడే. మబ్బు పట్టిన రోజున అది భూఅయస్కాంత శక్తిని ఆశ్రయిస్తుందని, వీపుకు అయస్కాంతం కట్టిన పావురాలు అలాంటి రోజుల్లో తికమకపడడాన్ని బట్టి, అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం కీటన్ 1971లో చూపాడు. వదిలిన పావురం గిరికీలు కొట్టి దిక్కు పట్టుకుంటుంది. మళ్లీ ముంగిట్లోకే దిగితే ఇంకా బలం చేకూరలేదని అర్థం, మరో రోజు మేపాలి. రెండు మూడు సార్లు వదిలినా కదలకపోతే యజమానికి కబురు చేసి, అతడు రాలేని పక్షంలో అతడి అనుమతితో పావురాలు పెంచే అనుభవజ్ఞుడికి అప్పగించవచ్చు.