బావిలోకి దించిన లాంతరు

మా అనంతపురం పల్లెల్లో పాత బావి పూడు తీయాలంటే మొదట దిగేది లాంతరు. దాని పట్టుకు మోకు కట్టి గిలక మీదుగా మెల్లగా వదిలేవారు. పని ఒప్పుకున్న వడ్డె పెద్దాయన గట్టు మీద బోర్లా పడుకుని ఆ మంటనే చూస్తుండేవాడు. అడుగు దాకా మంట నిటారుగా నిలిస్తే మోకు చంకల కిందుగా బిగించుకుని తను దిగేవాడు. మధ్యలోనే మంట చిన్నబోయి కొండెక్కిందంటే లేచి తలగుడ్డ దులుపుకుని "ఈ పూట కాదప్పా" అనేవాడు. కూలి పోతుందని వెంట వచ్చినవాళ్లు గొణిగినా ఆ మాటకు తిరుగుండేది కాదు.

ఆ తర్వాత జరిగేది చూడ్డానికి పిల్లలం గుమిగూడేవాళ్లం. వేప మండలు, కానుగ మండలు పెద్ద కట్టగా కట్టి బావిలోకి వదిలి పైకీ కిందికీ ఆడించేవారు. బిందెలకొద్దీ నీళ్లు పైనుంచి కుమ్మరించేవారు. లోపలున్న దయ్యాన్ని తోలుతున్నారని ఆడవాళ్లు చెప్పుకునేవారు. పెద్దాయన అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. భయముంటే జనం గట్టుకు దూరంగా ఉంటారు, ఆయనకు అంతే కావాలి. పొద్దు కాస్త ఎక్కాక లాంతరు మళ్లీ దిగేది.

ఆ దయ్యం పేరు కార్బన్ డయాక్సైడ్. రాలిన ఆకు, పడి చచ్చిన ఎలుక, అడుగున నల్లటి బురద కుళ్లుతుంటే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ని తినేసి దీన్ని వదులుతాయి. మామూలు గాలి కంటే ఇది ఒకటిన్నర రెట్లు బరువు. ఇరుకైన చేదబావిలో పైకి రాలేక అడుగునే పేరుకుంటుంది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 16, 17 శాతానికి పడిపోతే కిరసనాయిలు మంట ఆరిపోతుంది. ఆ గాలిలో మనిషికి ఆయాసం వస్తుంది, తల తిరుగుతుంది, అయినా ఇంకా మెట్టెక్కగలడు. 10 శాతం కిందికి వెళితే మాత్రం స్పృహ ఉండదు. అంటే మనిషి పడిపోవడానికి ఎంతో ముందే దీపం పడిపోతుంది. ఈ అంకెలేవీ తెలియని పెద్దాయన బతుకంతా ఆ మధ్యనున్న ఐదారు శాతం మీదే నడిచింది.

ఇంకో చిక్కు ఉంది. పూడు తీసేది ఎండాకాలంలోనే, నీళ్లు అడుగంటినప్పుడే కదా. పైన 42 డిగ్రీలు కాస్తున్నప్పుడు బావి అడుగున చల్లగా ఉంటుంది. చల్లటి గాలి బరువు కాబట్టి కదలదు. చలికాలం రాత్రుల్లో అయితే లోపలి వెచ్చటి గాలి తనంతట తాను పైకి లేచిపోతుంది, బావి ఊపిరి మార్చుకుంటుంది. మనం దిగాల్సిన నెలల్లోనే అది ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. మబ్బు పట్టిన పూట దిగకూడదని మా ఊళ్లో అనేవారు. దానికీ కారణం ఉంది. వానకు ముందు పైగాలి ఒత్తిడి తగ్గుతుంది, మట్టి సందుల్లో దాగిన చెడుగాలి బావిలోకి వస్తుంది.

ఇంత తెలివైన లాంతరుకూ కనిపించనిది ఒకటుంది. అది కరువుతో పాటే వచ్చింది. నీళ్లు తోడే కపిల ఎద్దులు పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. పంపు నీటిని పీల్చి ఎత్తగలిగేది ఏడెనిమిది మీటర్లే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ రాతినేలలో నీళ్లు అక్కడ ఆగుతాయా? నీళ్లు దిగేకొద్దీ బావి గోడలో అరుగు చెక్కి ఇంజనునే కిందికి దించారు. అది వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, బరువు కూడా దాదాపు గాలంతే. దాంట్లో లాంతరు నిక్షేపంగా వెలుగుతుంది, పక్కనున్న మనిషి ఒరిగిపోతాడు. బండ పగలగొట్టడానికి మందు పెట్టి పేల్చిన తర్వాతా ఇదే సంగతి. పొగ కంటికి కనబడకుండా పోయినా విషం అడుగునే ఉంటుంది. పెద్దలు చెప్పిన విద్య గొప్పదే. కానీ అది కపిల కాలపు విద్య. ఇంజను తిరిగిన బావికీ, మందు పేల్చిన బావికీ అది చాలదు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట, మురుగుతొట్లలో అయితే మంట దించడమే ప్రాణాంతకం.

ఇప్పుడు ఆ లాంతరు కూడా లేదు. కిరసనాయిలు ఇళ్లలోంచి పోయింది. బావిలోకి చూడాలంటే సెల్‌ఫోన్ లైటు వేస్తాం, లేదంటే ఛార్జింగ్ టార్చికి తాడు కట్టి దించుతాం. అడుగున ఏముందో పట్టపగల్లా కనిపిస్తుంది. చుక్క ఆక్సిజన్ లేని చోట కూడా ఆ బల్బు దివ్యంగా వెలుగుతుంది. లాంతరు ఆరిపోవడంలోనే దాని పనితనం ఉండేదన్న సంగతి, ఆరిపోని దీపాలు వచ్చాక మరిచిపోయాం.

పాత బావుల్లోకి ఇప్పుడెవరు దిగుతారులే అనుకోవద్దు. బోర్లు వచ్చి బావులు ఎండాక చాలా ఊళ్లలో వాటిని చెత్తకుండీలు చేశారు. 2012లో హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు మా జిల్లాలోని జీడిపల్లి దాకా వచ్చాయి. చెరువులు నిండినచోట, వానలు పడిన ఏడాది, ఎన్నడో మరిచిన బావుల్లోనూ చెమ్మ కనబడుతోంది. రైతుకు ఆశ పుడుతుంది, పూడు తీయిద్దామనుకుంటాడు. ముప్పై ఏళ్ల చెత్త అడుగున కుళ్లుతూ ఉంటుంది. తీసేవాళ్లకు పార పట్టడం తెలుసు, దీపం పట్టడం తెలియదు.

భూమిలో చిక్కుకున్న మనిషి అనగానే మనకు సొరంగాలు గుర్తొస్తాయి. ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారాలో 2023 నవంబరులో 41 మంది 17 రోజులు లోపలుండి ప్రాణాలతో బయటికొచ్చారు. కూలిన మట్టిలోంచి నాలుగంగుళాల గొట్టం ఒకటి వాళ్లదాకా పోయి ఉండటం వల్ల మొదటి రోజుల్లో గాలీ, గుప్పెడు తిండీ అందాయి. ఊరకే కూర్చున్న మనిషికి గంటకు పదిహేను లీటర్ల ఆక్సిజన్ సరిపోతుంది, గొట్టం మోయలేనంత బరువేం కాదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు చిక్కుకున్న ఎనిమిది మందికి బురద ఆ అవకాశమూ ఇవ్వలేదు. రెండింటినీ దేశమంతా టీవీల్లో చూసింది. బావిలో పోయినవాడికి జిల్లా పేజీలో నాలుగు లైన్లు. తల పైన ఆకాశం కనబడుతూనే ఉంటుంది, ఊపిరి మాత్రం ఉండదు. ఆ చావుకు కెమెరాలు చేరేలోపే అంతా అయిపోతుంది.

అయిపోయేది ఒక్కడితో కాదు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని వాక్డీ గ్రామంలో పేడగుంటగా వాడుతున్న పాత బావిలో పిల్లి పడితే, దాన్ని తీయబోయి ఐదుగురు పోయారు. అదే ఏడాది జూలై 5న ఛత్తీస్‌గఢ్‌లో రెండు ఊళ్ల బావుల్లో ఒక్కరోజే తొమ్మిది మంది. 2025 ఏప్రిల్ 3న మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జిల్లాలో పండగ నిమజ్జనం కోసం బావి బాగు చేయబోయి ఎనిమిది మంది. ఇరుకు చోట్ల గాలి ఆడక చనిపోయేవారిలో అరవై శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికాలో కార్మిక భద్రతను పరిశోధించే సంస్థ నియాష్ 1986లోనే రాసింది.

ఎందుకిలా జరుగుతుందో పైనుంచి చూసినవాళ్లకు తెలుసు. పడిపోయినవాడు కేక వేయడు. పని ఆపి కూర్చున్నట్టే ఉంటాడు. పిలిస్తే పలకడు. కాళ్లలో సత్తువే ముందు పోతుంది కాబట్టి మెట్టు దాకా రాలేడు. పామేదో కరిచిందనుకుని తమ్ముడు దిగుతాడు. తమ్ముడు కూర్చున్నాడని బావమరిది దిగుతాడు. కంగారులో పరుగున దిగేవాడు ఎగశ్వాస మీద ఉంటాడు, ఆ గాలిని మొదటివాడికన్నా ఎక్కువగా, తొందరగా పీలుస్తాడు.

మా వడ్డె పెద్దాయన పద్ధతుల్లో నాకు అన్నిటికంటే గొప్పదనిపించేది ఇక్కడే ఉంది. మోకు పట్టుకోవడానికి ఆయన ఎన్నడూ సొంత తమ్ముణ్ణి పెట్టేవాడు కాదు. కొడుకునైతే గట్టు దగ్గరికే రానిచ్చేవాడు కాదు. పరాయి మనిషి కావాలి, బలమైన చేతులు కావాలి. "నా మీద పాశముండేవాడు పైన ఉండగూడదు. వాడు మోకు లాగడు, మోకు ఇడిసి దూకుతాడు" అనేవాడు. ఆ పైమనిషికి వేరే పని చెప్పేవారు కాదు, మంచినీళ్లు కూడా ఎవరో తెచ్చి నోటికి అందించాల్సిందే. గ్యాస్ మీటర్లు వచ్చిన ఈ కాలంలో కూడా ఆ నియమంలో మార్చాల్సింది నాకేమీ కనబడలేదు.

ఈ ఎండాకాలం బావి పూడు తీయించేవాళ్లకు ఒక విన్నపం. ఇంజను ఎప్పుడూ బావిలో నడపకండి, నడిపిన బావిలో దిగకండి. దొరికితే ఆక్సిజన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ చూపే మీటరు దించండి. దొరక్కపోతే ఆ పని చేతనైనవాళ్లు వచ్చేదాకా ఆపండి. బండ కొట్టే కంప్రెసర్ల బండ్లు ఊళ్లలో ఉన్నాయి, ఒకదాని పైపు అడుగుదాకా వదిలి పని సాగినంతసేపూ గాలి కొట్టించండి. కంప్రెసర్ ఇంజను మాత్రం గట్టుకు దూరంగా, గాలివాలుకు ఉంచండి. దిగేవాడి చంకల కింద మోకు ముందే కట్టండి, పడిపోయాక కట్టడానికి మనిషి దొరకడు. ఒకడు కూర్చుండిపోయాడా, పైనుంచే లాగండి, గాలి కొట్టండి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. రెండోవాణ్ణి దిగనివ్వకండి, వాడు ఏడ్చినా, కొట్టినా, తిట్టినా పట్టుకోండి.