సముద్రం దాటి పట్టాల మీదికి

సిరీస్ పేరులో ఉండేది జెల్డా. మనం ఆడేది లింక్‌గా. 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' ఆటల్ని దూరం నుంచి చూసినవాళ్ళు ఆ ఆకుపచ్చ చొక్కా కుర్రాడే జెల్డా అనుకుంటే వాళ్ళ తప్పేం లేదు. 1986లో సిరీస్ మొదలైనప్పటి నుంచీ రాకుమారికి ఎక్కువగా దక్కిన పని శత్రువుకి చిక్కడం, హీరో కోసం ఎదురుచూడడం. చందమామ కథలు చదివినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. నింటెండో డీఎస్ మీద వచ్చిన 'ఫాంటమ్ అవర్‌గ్లాస్' (2007), 'స్పిరిట్ ట్రాక్స్' (2009) పక్కపక్కన పెట్టుకుని ఆడితే మాత్రం, ఆ ఎదురుచూపు ఎక్కడ తెగిందో తెలుస్తుంది.

పైకి రెండూ కవలలే. రెండిటికీ డైరెక్టర్ దైకి ఇవామోతో. అవే కార్టూన్ బొమ్మలు. నడవాలన్నా, కత్తి తిప్పాలన్నా కింది తెర మీద స్టైలస్‌తో గీయాల్సిందే.

'ఫాంటమ్ అవర్‌గ్లాస్'లో సముద్రం మనది. మ్యాప్ మీద గీత గీస్తే పడవ ఆ గీత వెంటే పోతుంది. గుర్తుపెట్టుకోవాల్సినవి ఆ మ్యాప్ మీదే రాసుకోవచ్చు. ఒకచోట ముద్రని మ్యాప్ మీదికి దించాలి. ఏ బటన్ నొక్కినా పని జరగదు. డీఎస్‌ని పుస్తకంలా మూసి తెరిస్తే చాలు, పైతెర మీది ముద్ర కిందికి అచ్చు పడుతుంది. ఆ క్షణంలో చేతిలో ఉన్న యంత్రమే కథలో భాగమైపోతుంది.

కానీ ఆట నడిబొడ్డున ఓ గుడి ఉంది. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు బయటపడాలి, మళ్ళీ మళ్ళీ అక్కడికే రావాలి, దాటిన అంతస్తులే చాలాసార్లు మళ్ళీ దాటాలి. లోపల ఫాంటమ్‌లనే ఇనుప కవచాల కాపలాదారులు తిరుగుతుంటారు. చాలాసేపటిదాకా వాళ్ళని కొట్టి పడేసే దారే లేదు, నక్కి నక్కి తిరగాలి. మొదట భయమేస్తుంది, తర్వాత విసుగొస్తుంది.

ఇక జెల్డా? ఇందులో ఆమె టెట్రా, సముద్రపు దొంగల నాయకురాలు. ముందరి ఆట 'విండ్ వేకర్'లో అందరికీ ఆర్డర్లేసిన పిల్ల. ఇక్కడ మొదట్లోనే దెయ్యాల ఓడ ఎక్కి మాయమవుతుంది. మళ్ళీ దొరికేసరికి రాతిబొమ్మ. కథని నడిపించేది లైన్‌బెక్ అనే పిరికి కెప్టెన్. నవ్విస్తాడు, చివర్లో కాస్త కదిలిస్తాడు కూడా. కానీ ఇంత స్వేచ్ఛ ఉన్న సముద్రంలో ఆమెకి మాత్రం చోటు లేదు.

'స్పిరిట్ ట్రాక్స్' కథ సుమారు వందేళ్ళ తర్వాతది. పడవ పోయి రైలొచ్చింది. చూడ్డానికిది వెనకడుగే. పట్టాలున్నచోటికే పోగలం. ఒక్కోసారి ప్రయాణం సాగదీసినట్టుంటుంది. వేణువు వాయించాలంటే మైకులోకి ఊదాలి, బస్సులో కూర్చుని ఆ పని చేస్తే పక్కవాళ్ళు వింతగా చూస్తారు.

అయితే ఇక్కడ శత్రువులు జెల్డా శరీరాన్ని మాత్రమే ఎత్తుకుపోతారు. ఆత్మ మనతోనే ఉంటుంది. మొదట్లో తను కోటలోనే ఆగిపోతానంటుంది, రాకుమార్తెలు అలా ఎదురుచూడడం మా వంశాచారం అన్న ధోరణిలో. నవ్వొస్తుంది, కానీ ఆ మాట సిరీస్ తన మీద తనే వేసుకున్న సెటైరు. తర్వాత ఆమె వస్తుంది. ఏ ఫాంటమ్‌లని చూసి రెండేళ్ళ కిందట నక్కి నక్కి తిరిగామో, ఆ కవచాల్లోకే దూరి నడుస్తుంది. లావా మీదుగా లింక్‌ని మోసుకెళ్తుంది. అంత ఇనుప ఒంట్లో ఉండి కూడా ఎలకని చూసి హడలిపోతుంది. ఇందులోనూ మళ్ళీ మళ్ళీ ఎక్కాల్సిన గోపురం ఒకటుంది. కానీ గడియారం లేదు, ప్రతిసారీ కొత్త అంతస్తులు, పక్కన మనిషి. పాత ఆటలోని భయాన్నే తీసుకుని స్నేహంగా మార్చారు. గ్రాఫిక్స్ ఎంత మెరుగైనా రాని మార్పు ఇది.

లోటు లేదని కాదు. గోపురం దాటితే ఆమె చాలావరకు గాల్లో తేలుతూ సలహాలిచ్చే తోడు మాత్రమే. గోపురంలో కూడా ఆమె దారిని స్టైలస్‌తో గీసేది మనమే. రైలుకి పట్టాలు, ఆమెకి మన గీత. ప్రధాన సిరీస్‌లో జెల్డాయే కథానాయికగా ఆట రావడానికి 2024 దాకా, 'ఎకోస్ ఆఫ్ విజ్డమ్' దాకా ఆగాల్సొచ్చింది.

ఒకటే ఆడే టైముంటే 'స్పిరిట్ ట్రాక్స్' ఆడండి. రెండూ ఆడగలిగితే ముందు సముద్రం, తర్వాత రైలు. ఫాంటమ్‌లంటే ముందు భయపడి ఉండాలి. అప్పుడే అందులోంచి జెల్డా గొంతు వినిపించినప్పటి తేడా తెలుస్తుంది.