వాయులీనం అమ్మిన ఇల్లు

చాసో ‘వాయులీనం’ కథని మనం చాలాకాలంగా పేదరికం కథగా, దాంపత్యం కథగా చదువుకుంటూ వచ్చాం. అలా చదవడంలో పొరపాటేమీ లేదు. పెళ్ళికి ముందు సంగీతం నేర్చుకున్న రాజ్యం సంసారంలో పడ్డాక వాయులీనం ముట్టుకోలేకపోతుంది. తర్వాత జబ్బు పడుతుంది. వైద్యానికి డబ్బు లేక భర్త ఆ వాయులీనాన్ని అమ్మేస్తాడు. ఆమె బతుకుతుంది. మిగిలిన డబ్బుతో ఆమెకో చీర కొని తెస్తాడు. కథలో దుర్మార్గుడంటూ ఎవడూ లేడు. భార్య ప్రాణం కన్నా ఒక వస్తువు ఎక్కువా అని అడిగితే ఎవరం మాత్రం ఏం జవాబు చెప్తాం?

నేనీమధ్య ఈ కథని ఇంట్లోని వస్తువుల వైపు నుంచి చదివాను. ఒక ఇల్లు దేన్ని దాచుకుంటుంది, దేన్ని అమ్ముకుంటుంది, ఆ నిర్ణయం ఎవరు చేస్తారు అన్నవి నా ప్రశ్నలు. కష్టం వచ్చినప్పుడు ప్రతి ఇల్లూ ముందుగా వెతికేది వాడకంలో లేని వస్తువునే. రాజ్యం ఇంట్లో వాడకంలో లేనిది వాయులీనం. కానీ అది దానంతటది మూలపడలేదు. వంట, పిల్లలు, చాకిరీ కలిసి దాన్ని మూలకి నెట్టాయి. ముందు ఆమె చేత వాయించడం మాన్పించింది సంసారం. ఆ తర్వాత, వాయించడం లేదు కదా అని దాన్ని అమ్మకానికి తీసిందీ సంసారమే. ఈ రెండు పనులకీ మధ్య ఉన్న సంబంధం కథలో ఎవరూ పైకి చెప్పరు. చాసో కూడా చెప్పడు. కథకుడిగా అది ఆయన నిగ్రహం. చెప్పుకోవలసిన బాధ్యత చదివే మనది.

ఈ కథ విజయనగరం రచయిత నుంచి రావడం కూడా యాదృచ్ఛికం అనుకోను. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల వెలిసిన ఊరది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పుతూ 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ ఊళ్ళో పుట్టిన పి. సుశీల ఆ కళాశాలలోనే చదువుకుని, ఇల్లు దాటి, దేశమంతా వినే గొంతయింది. సుశీల పేరు మనకు తెలుసు. అదే కాలంలో అదే ఊళ్ళో సరళీ స్వరాలు నేర్చుకుని, పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడి, ఆ మీదట గొంతు విప్పని ఆడపిల్లలు ఎంతమందో! వాళ్ళని లెక్కపెట్టిన చరిత్ర లేదు. వాళ్ళ తరఫున మనకి మిగిలింది ఒక మగ రచయిత రాసిన చిన్న కథ.

మా అమ్మ అలాంటి ఆడపిల్లే. విజయనగరంలో మా పెంకుటింటిని అపార్టుమెంటు కోసం ఇచ్చేసినప్పుడు సామాన్ల పంపకం జరిగింది. పందిరిమంచం ఒకరికి, ఇత్తడి గుండిగలు, గంగాళాలు ఇంకొకరికి. గుండిగల మీద పేర్లు కొట్టించి ఉన్నాయి. అమ్మకి సారెగా వచ్చిన సామానే అయినా వాటి మీదున్నది మా తాతగారి పేరు. ఇచ్చినాయన పేరు ఉంది, ఏభై ఏళ్ళు తోమినామె పేరు లేదు. ప్రతిదానికీ తూకం వేశారు, ధర కట్టారు. నేనడిగింది ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఒక నోటుబుక్కు. దాన్ని ముందు నుంచి తెరిస్తే స్వరాలు, గీతాలు, రెండు వర్ణాలు. వెనక నుంచి తెరిస్తే చాకలి పద్దు, పాల లెక్కలు. ముందు వైపు రాత పెళ్ళికి ముందుది, వెనక వైపు రాత పెళ్ళి తర్వాతది.

“అదేటే, ఆ చిత్తుకాగితాలు నీకెందుకే?” అంది అమ్మ. నీ హార్మోనియం ఏమైందని అడిగాను. “పుట్టింట్లోనే ఉండిపోయింది. పెళ్ళిచూపుల్లో పాడించడానికే కదా నేర్పించారు. పెళ్ళయ్యాక ఎవరడిగేరు?” అంది. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. చాలాకాలం కిందటే తేలిపోయిన లెక్కని మళ్ళీ ఒకసారి అప్పజెప్పినట్టు చెప్పింది.

ఈ పంపకాల సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు మనందరికీ పాత వస్తువుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కొత్త ఫ్లాట్లలోకి వెళ్ళి చూడండి. నాన్నమ్మ తిరగలి హాల్లో టీపాయి అయింది. రోట్లో నీళ్ళు పోసి పూలు తేలుస్తున్నారు. ఇత్తడి బిందె మెరుగు పెట్టించుకుని గుమ్మం పక్క నిలబడింది. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. అయితే ఆ తిరగలి తిప్పిన చేతుల నొప్పి, ఆ బిందె మోసిన నడుము నొప్పి ఆ అలంకారంలో ఎక్కడుంది? చాకిరీ చేసిన మనిషిని తీసేసి పనిముట్టుని మాత్రం నిలబెడితే, దాన్ని జ్ఞాపకం అని ఎలా అంటాం? అక్కడ మిగిలేది అందమైన రాయి, అందమైన ఇత్తడి. అంతే.

బొబ్బిలి వీణ సంగతి చూద్దాం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా పనసకర్రతో వీణలు చేస్తున్నాయి. వాయించే వీణతో పాటు ఇప్పుడు వాళ్ళు బహుమతులిచ్చుకునే బుల్లి వీణలు కూడా చేస్తున్నారు. ఆ పనివారికి అది బతుకుతెరువు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. నా ప్రశ్న వాటిని కొనుక్కుని అద్దాల బీరువాలో పెట్టుకునే మనకి. పలకని వీణకి హాల్లో చోటుంది. ఆ ఇంట్లో పలికే వీణకి, దాని ముందు రోజుకో గంట కూర్చోగల ఆడమనిషికి చోటుందా? రాజ్యానికి కరువైంది ఆ గంటే.

మరి ఏ ఇల్లు జ్ఞాపకమై నిలుస్తుంది? విజయనగరంలో గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచింది. నిలవాలి కూడా. ‘కన్యాశుల్కం’ రాసినాయన 1915లో కన్నుమూస్తే, నూరేళ్ళు దాటాక కూడా ఆ గుమ్మం ముందు నిలబడి మనం పులకరిస్తున్నాం. ఆడపిల్లల అమ్మకం మీద నాటకం రాసిన మనిషి ఇల్లది. అయినా ఆ ఇంటి సంసారాన్ని నడిపిన ఆయన భార్య అప్పలనరసమ్మగారి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆయన డైరీలు, ఉత్తరాలు అచ్చయ్యాయి. మగవాడి కాగితం సాహిత్య చరిత్రకి ఆధారం. ఆడదాని కాగితం పాల లెక్క.

ఇక్కడ శ్రీకాకుళంలోని కథానిలయం నాకు దారి చూపిస్తుంది. కాళీపట్నం రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. తన పుస్తకాలూ పత్రికలూ, పురస్కారాల ద్వారా వచ్చిన డబ్బూ అందులోనే పెట్టారు. గోడల మీద కథకుల ఫొటోలు ఇంట్లో పెద్దల ఫొటోల్లా ఉంటాయి. నాకు ముఖ్యమనిపించేది అక్కడి పద్ధతి. గొప్ప కథలని మాత్రమే ఏరి దాచడం కాకుండా, దొరికిన ప్రతి కథనీ, అది ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో ఆ వివరంతో సహా దాచాలనుకున్నారు. పుస్తకం వేసుకునే స్తోమత లేక, వేస్తామనే వాళ్ళు లేక, వారపత్రికల్లోనే ఉండిపోయిన రచయిత్రులకి ఇది ఎంత మేలో మనకు తెలుసు. పాత పత్రికలు పచారీ కొట్లో పొట్లాలయ్యే చోట, వాటినే ఏరి జాగ్రత్త చేయడం మామూలు పని కాదు. 2021లో మాస్టారు వెళ్ళిపోయారు. ఆయన నేర్పిన పద్ధతి మనకుంది. ఏది విలువైనదో ముందే తేల్చెయ్యకు, ఎవరిదో ఎప్పటిదో రాసి పెట్టు.

చాసో జ్ఞాపకాన్ని నిలబెట్టడంలో ముందున్నది కూడా ఆయన కూతురు చాగంటి తులసిగారే. ఆమె స్వయంగా కథకురాలు, అనువాదకురాలు. తండ్రుల జ్ఞాపకాలని కూతుళ్ళు భద్రపరచడం మనకు కొత్త కాదు. తల్లుల జ్ఞాపకాలని ఎవరు భద్రపరుస్తున్నారన్నదే ప్రశ్న.

మళ్ళీ కథలోని చీర దగ్గరకి వస్తాను. కథ అయిపోయాక ఆ చీర ఏమై ఉంటుందని ఆలోచించాను. రాజ్యం దాన్ని పండగలకి కట్టుకుని ఉంటుంది. పాతబడ్డాక ఏ బొంతలోకో పోయి ఉండొచ్చు. లేదూ, పెట్టె అడుగున మిగిలి, ఒక మనవరాలి చేతికి వచ్చిందే అనుకుందాం. ఆ పిల్ల దానికి అద్దం బిగించి గోడకి పెట్టుకుని, “జబ్బు నుంచి లేచినప్పుడు తాతయ్య ప్రేమగా కొన్న చీర” అని వచ్చినవాళ్ళకి చెప్తుంది. అందులో ఒక్క అబద్ధం కూడా ఉండదు. ప్రేమ నిజం, జబ్బు నిజం, చీర నిజం. కానీ ఆ చీర వెనకున్న వాయులీనం సంగతి ఆ గోడ చెప్పదు. ఇళ్ళలో మన తల్లుల జ్ఞాపకాలు ఎక్కువగా ఇలాగే మిగులుతున్నాయి. వాళ్ళకి దక్కినవి కనిపిస్తాయి, వాళ్ళు పోగొట్టుకున్నవి కనిపించవు.

అందుకని ఈ పత్రిక చదివే రచయిత్రులనీ, పరిశోధకులనీ ఒకటి అడుగుతున్నాను. ఇంటిని మీకిష్టమైన పాత వస్తువులతో అలంకరించుకోండి. దాని పక్కనే నాలుగు మాటలు రాసి పెట్టండి. ఇది ఎవరిది, ఎవరు వాడారు, ఎన్నేళ్ళు వాడారు, దీనికోసం ఏది వదులుకున్నారు? మొదటి మూడింటికీ జవాబు ఇంట్లో ఎవరైనా చెప్తారు. నాలుగోదానికి ఆమెనే అడగాలి. ఆమె చెప్పగలిగినప్పుడే అడగాలి.