అరగంటలో అయిపోయే బాల్యం

పన్నెండేళ్ళ పిల్లకి పెళ్ళి కుదిరింది. విందు భోజనం దొరుకుతుంది కదా అని స్నేహితురాలితో సంబరంగా చెప్పుకుంది. పెళ్ళి ఇంకా కొన్ని గంటలే ఉందన్నా ఎగురుతూ, ఆడుకుంటూనే ఉంది. ఇళ్ళలో పనిచేస్తూ రచయిత్రి అయిన బేబీ హల్దార్ ఆత్మకథ ‘ఆలో ఆంధారి’లో ఈ ఘట్టం చదువుతుంటే మనకి కడుపు తరుక్కుపోతుంది. రచయిత్రి మాత్రం కన్నీరు పెట్టదు. పెళ్ళంటే ఏమిటో ఆ పిల్లకి తెలియదు కనుక, రాసిన వాక్యానికీ తెలియనివ్వదు. ఆ తరవాత పడ్డ పాట్లన్నీ తెలిసిన మనిషి, అవేవీ కలంలోకి దూరకుండా ఆపుకోవడం మామూలు నిగ్రహం కాదు.

ఇంకో మెలకువ చూడండి. ‘నేను’ అంటూ సాగే కథ ఉన్నట్టుండి ‘బేబీ’ అంటూ మొదలవుతుంది. కూర్చుని తలచుకుంటే అరగంటలో అయిపోయేంత చిన్న బాల్యం పాపం బేబీది అని, తన గురించి తనే పరాయిదానిలా చెబుతుంది. ఆ మాటే ‘నేను’తో చెప్పి ఉంటే మొర పెట్టుకున్నట్టుండేది. ‘బేబీ’ అనేసరికి రచయిత్రి ఆ పిల్లకి పెద్దక్కలా పక్కన నిలబడుతుంది. జాలి ఉంటుంది, దేబిరింపు ఉండదు.

ఈ పనితనం వెనక ఒక మంచి గురువున్నాడు. 1999లో భర్తను వదిలి, ముగ్గురు పిల్లలతో బెంగాల్ నుంచి ఢిల్లీ రైలెక్కిన బేబీకి చివరికి గుర్‌గావ్‌లో ప్రబోధ్ కుమార్ ఇంట్లో పని దొరికింది. ఆయన హిందీ రచయిత ప్రేమ్‌చంద్ మనవడు, మానవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసి రిటైరైనవాడు. పుస్తకాల దుమ్ము దులుపుతూ ఆమె ఆగిపోవడం గమనించాడు. బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ బాల్య జ్ఞాపకాల్ని బెంగాలీలోనే చదవమని ఇచ్చాడు. తరవాత నోటుబుక్కూ పెన్నూ ఇచ్చి, నీ బతుకు గురించి రోజుకి ఒకటి రెండు పేజీలు రాయమన్నాడు. పనంతా అయ్యి, పిల్లలు పడుకున్నాక ఆమె రాసింది. ఆయనే హిందీలోకి అనువదించగా 2002లో పుస్తకమైంది. 2006లో ఊర్వశీ బుటాలియా ఇంగ్లీషులోకి తెచ్చింది.

వలస వచ్చి ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి రచనా వర్క్‌షాప్ పెట్టాలనుకునేవారికి దీన్ని మించిన పాఠ్యప్రణాళిక లేదు: సొంత భాషలో, తనలాంటి ఆడదాని బాల్యం గురించిన పుస్తకం, రోజూ ఒక పేజీ, శ్రద్ధగా చదివే మనిషి ఒకరు. ఇలాంటిది జరిగింది కూడా: సింగపూర్‌లో ఇళ్ళలో పనిచేసే వలస మహిళలు తమ కథలు తామే రాసుకోగా 2018లో ‘అవర్ హోమ్స్, అవర్ స్టోరీస్’ వచ్చింది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళిన మన ఆడవాళ్ళ చేతికీ నోటుబుక్కులు అందాలి. వాళ్ళు రాసింది జాలితో కాదు, బేబీ వాక్యాన్ని చదివినంత శ్రద్ధగా చదవాలి.