వేడి పుట్టే చోటే దాన్ని తగ్గించే విద్య

కంప్యూటర్ వేడెక్కుతోందనగానే అందరి చూపూ ఫ్యాను మీదికే పోతుంది. పెద్ద కూలర్ కొంటారు, క్యాబినెట్ పక్క రేకు తీసేస్తారు, థర్మల్ పేస్ట్ మారుస్తారు. అన్నీ పనికొచ్చేవే. కానీ అవన్నీ పుట్టిన వేడిని బయటికి తరిమే ఉపాయాలు. ఆ వేడి ఎంత పుట్టాలో తేల్చేవాటిలో ముఖ్యమైనది వోల్టేజ్. ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవుతున్నప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజ్‌తోనైతే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం మార్చకుండా 1.30 వోల్టులను 1.17కి దించితే, అంటే పదో వంతు తగ్గిస్తే, ఆ ఖర్చులో దాదాపు ఐదో వంతు ఆదా అవుతుంది. డెస్క్‌టాప్ ప్రియులు అండర్‌వోల్టింగ్ అని పిలిచే విద్యకు ఈ లెక్కే పునాది.

ఈ విద్య వేగం మీద మోజులోంచే పుట్టింది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ చిప్‌కు బస్ వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చి, 300 మెగాహెర్ట్జ్ సరుకుతో 450 వేగం రాబట్టారు. ట్రాన్సిస్టర్లు చిన్నవైనకొద్దీ వోల్టేజ్ కూడా దిగుతూ వచ్చినంత కాలం ఆ దారి సాఫీగానే సాగింది. 2000 దశకం మధ్యకొచ్చేసరికి ఆ దిగుదల మందగించింది. ఇంటెల్ 2004లో తేజస్ అనే ప్రాసెసర్‌ను రద్దు చేసుకోవడానికి వేడి ఒక ప్రధాన కారణం. అప్పటిదాకా చిప్‌ను ఎంత పరుగెత్తించవచ్చో వెతికిన చేతులే, అదే పరుగుకు ఎంత తక్కువ వోల్టేజ్ చాలునో వెతకడం నేర్చుకున్నాయి.

తయారీదారుకు తెలియనిది మనకేం తెలుసని అడగవచ్చు. తయారీదారుకు తెలిసేది ఆ మోడల్ మొత్తం సంగతి. ఒకే పేరుతో అమ్మే చిప్‌లలో బలహీనమైనది కూడా వేడి గదిలో, నాసి మదర్‌బోర్డు మీద, ఏళ్ల తరబడి పనిచేయాలి. అందుకే వోల్టేజ్ కాస్త ఎక్కువే పెడతారు. మంచి చిప్‌కు ఆ అదనం అక్కర్లేదు. పైగా కంపెనీ లెక్క ప్రతిసారీ సరిపోలేదు. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్‌3డి చిప్‌లు కాలిపోయాక ఏఎండీ వాటిలో ఎస్‌ఓసీ అనే భాగానికి అందే వోల్టేజ్‌ను 1.3 వద్ద కట్టడి చేసింది. 2024లో 13, 14వ తరం కోర్ డెస్క్‌టాప్ చిప్‌లు అవసరానికి మించిన వోల్టేజ్ అడుగుతున్నాయని ఇంటెల్ ఒప్పుకుని, 1.55 వోల్టుల హద్దు పెట్టి, వారంటీని రెండేళ్లు పొడిగించింది.

రైజెన్ 7000 చిప్‌లు 95 డిగ్రీల దగ్గర నిలకడగా పనిచేసేలా తయారైనవే కదా, ఇంత శ్రమ ఎందుకన్నది మరో ప్రశ్న. ఆ వేడి చిప్‌కు ప్రమాదం కాదన్నది నిజమే. అయితే చివరి కాస్త వేగం కోసమే ఎక్కువ వాట్లు కాలుతున్నాయి. ఆ వాట్లన్నీ గదిలోకే వచ్చి చేరతాయి. గది పది డిగ్రీలు వేడెక్కితే, అదే పనికి చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు చూసే రామగుండంలో ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు.

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం నమ్మకం గురించినది. వోల్టేజ్ మరీ తగ్గితే ప్రాసెసర్ ఆగిపోకుండానే గుణకారం తప్పు చేయగలదని 2019లో ప్లండర్‌వోల్ట్ అనే దాడిని కనిపెట్టిన పరిశోధకులు చూపించారు. ఈ విద్య పట్టుబట్టే క్రమశిక్షణ అందుకే. ముందు గది ఉష్ణోగ్రత, చిప్ వోల్టేజ్, వేగం కొలిచే సినీబెంచ్ పరీక్ష స్కోరు రాసిపెట్టుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రైజెన్‌లో వోల్టేజ్ సర్దే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్‌లో ఒక్కో మెట్టు 3 నుంచి 5 మిల్లీవోల్టులు; అందులో కొద్ది మెట్లే దిగాలి. ప్రైమ్95 అనే ఒత్తిడి పరీక్షతో గంటల తరబడి బరువు మోపితే సరిపోదు. తేలికపాటి పనిలో ఒక్క కోర్ అత్యధిక వేగం అందుకునే క్షణంలోనూ లోపం బయటపడుతుంది కాబట్టి రోజువారీ వాడకంలోనూ గమనించాలి. తెర మీద మెగాహెర్ట్జ్ తగ్గకుండా స్కోరు పడిపోతే వోల్టేజ్ చాలడం లేదన్నమాట. తప్పు కనిపించిన మెట్టు నుంచి వెనక్కి రావాలి, అంచున ఆగకూడదు. ముఖ్యమైన లెక్కలు చేసేవారు వోల్టేజ్ జోలికే పోకుండా, పవర్ లిమిట్ తగ్గిస్తే చాలు. రైజెన్ 7950ఎక్స్‌ను ఎకో మోడ్‌లో 170 వాట్ల స్థాయి నుంచి 105కో, 65కో దించవచ్చు. అప్పుడు వేగం, వోల్టేజ్ రెండూ కంపెనీ పరీక్షించిన జోడీలోనే కలిసి దిగుతాయి. కొత్త కూలర్ కొనే ముందు ఒక సాయంత్రం ఈ కొలతలకు కేటాయించండి. ఉన్న కూలరే సరిపోతుందేమో అప్పుడు తేలుతుంది.