పాత 407ను కిందికి దూరి చూడాలి

టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 407 అనే చిన్న లారీని 1986లో తెచ్చింది. ఆ కాలంలో చిన్న లారీలంటే డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్. నాలుగూ జపాన్ కంపెనీల సాయంతో వచ్చినవే. వాటికి దీటుగా ఇక్కడే రూపుదిద్దుకున్న బండి 407. జగిత్యాల నుంచి ధర్మపురి మీదుగా మంచిర్యాల పోయే 63వ నంబరు జాతీయ రహదారి పక్కన, రాయపట్నం వంతెనకు ఇటూ అటూ ఉన్న ఊళ్లలో పాత 407 అమ్మకానికి ఉందని తెలిస్తే వెళ్లి చూడండి. కొనకపోయినా ఆ పనితనం చూడదగ్గది.

చాలామంది ముందు బానెట్ ఎత్తుతారు. నేనైతే ముందు కిందికి దూరమంటాను. ఇంజన్‌కు బోరు చేయించవచ్చు, చాసిస్ పోతే బండి పోయినట్టే. పొడవునా రెండు ఉక్కు చానెళ్లు, వాటి మధ్య అడ్డ చానెళ్లు, కలిసేచోట రివెట్లు. గుంతల్లో ఒక చక్రం పైకి లేచి ఇంకొకటి కిందికి దిగినప్పుడు చాసిస్ కాస్త మెలి తిరగాలి. రివెట్ ఆ మెలికను ఓర్చుకుంటుంది. వెల్డింగ్ వేడి తగిలిన ఉక్కు పెళుసెక్కి, అతుకు పక్కనే పగులు మొదలవుతుంది. గుడ్డతో మన్ను తుడవండి. ఫ్యాక్టరీ రివెట్ల తలలు ఒక్క తీరున గుండ్రంగా, ఇనుముకు అతుక్కుని ఉంటాయి. తల చుట్టూ ఎర్రటి తుప్పు చార కనిపిస్తే అది వదులై ఆడుతోందన్నమాట. ప్లేటు పెట్టి వెల్డింగ్ కొట్టి ఉంటే బేరం అక్కడే ఆపండి.

వెనుక చెక్క బాడీ చాలా బండ్లకు బయట కట్టించినదే. దీని దగ్గర కాసేపు ఆగాలి. మంచి వడ్రంగి చాసిస్‌కు రంధ్రం పెట్టడు. చానెల్ మీద పొడవునా గట్టి చెక్క దూలం పరిచి, దానిపై అడ్డదూలాలు వేసి, మొత్తాన్ని యూ బోల్టులతో బిగిస్తాడు. ఇనుము ఇనుముతో రాసుకోదు, అదురును చెక్క తాగేస్తుంది. బోల్టు బిగిస్తే చానెల్ అంచులు లోపలికి వంగకుండా మధ్యలో ఒక చెక్క ముక్కను ఇరికిస్తాడు. ఎవరూ తొంగిచూడని చోట, కొలిచి కోసి పెట్టిన ఆ ముక్కను చూస్తే నాకు ఆ పనివాడికి దండం పెట్టాలనిపిస్తుంది. పైన పలకల్లో బోల్టు తలలు చెక్కలోకి దిగి ఉండాలి, బస్తా లాగితే చిరగకూడదు. తడి ఇసుక మోసిన బండైతే అడ్డదూలాల కొసల్లో స్క్రూడ్రైవర్ గుచ్చండి. మెత్తగా దిగితే కుళ్లిందన్నమాటే.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. ఆట ఆగిపోతే బేరింగుది. ఇంకా ఆడితే కింగ్ పిన్ అరిగింది. రెండూ మార్చుకోగల సామానే, ధర తగ్గించి అడగండి.

ఇక ఇంజన్. పాతవాటిలో 497: నాలుగు సిలిండర్లు, 97 మి.మీ. బోరు, 2956 సీసీ. పొద్దున్నే వెళ్లి, చల్లారిన బండిని మీ ముందే స్టార్ట్ చేయించండి. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ తాగుతోంది. ఆయిల్ మూత తీయగానే గుప్పుగుప్పున పొగ తన్నితే అది బ్యాక్ కంప్రెషన్, ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

నంబరు ఏపీ 15 అయితే ఉమ్మడి కరీంనగర్ కాలం నాటి బండి. ఆర్‌సీలోని చాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీది నంబర్లతో అక్షరం అక్షరం కలవాలి. ఫైనాన్స్ తీరిపోయిందని 35వ ఫారం, పేరు మార్పుకు 29, 30 ఫారాలు సంతకాలతో తీసుకోండి. రవాణా బండికి 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ‘వింటేజ్ నంబరు తెచ్చుకోవచ్చు’ అనే మాట నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం దానికి 50 ఏళ్లు నిండాలి, మొదటి 407కే 2036 దాకా ఆ వయసు రాదు. వచ్చినా ఆ నంబరుతో కిరాయి కొట్టడం కుదరదు.

కొన్నాక మాత్రం చెక్క బాడీ పీకించి ఇనుప రేకు వేయించకండి. పాడైన పలక ఏదో అది ఒక్కటే మార్చమని వడ్రంగికి చెప్పండి.